వడ్డీ లెక్కలో తిమింగలం

హైదరాబాద్‌లోని రామంతాపూర్‌కు సముద్రం చాలా దూరం. నేరుగా గీత గీసి కొలిచినా చీరాల, బాపట్ల తీరం 250 కిలోమీటర్ల పైమాటే. ఉప్పల్, నాచారం పరిసరాలన్నీ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉన్న రాతి నేల. అయినా కోస్తా జాలరి బతుకును తిప్పిన మాటలు చాలాకాలం ఈ నగరం నుంచే వెళ్లాయి. తుపాను వస్తోంది, వేటకు వెళ్లొద్దు అనే హెచ్చరికను రామంతాపూర్‌లో ఉన్న దూరదర్శన్ కేంద్రం తీరం ఇళ్లకు చేరవేసింది. చేపల గుంపులు ఏ దిక్కున, ఎన్ని మైళ్ల దూరంలో ఉండవచ్చో ఉపగ్రహ చిత్రాలు చూసి చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ప్రగతినగర్‌లో ఉంది. దేశమంతటి చేపల పెంపకానికి, వేటకు నిధులు పంచే జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు కూడా హైదరాబాద్‌లోనే, చేప ఆకారంలో కట్టిన భవనంలో కొలువై ఉంది (ఆ భవనాన్ని చూసి నవ్వుకోనివారు అరుదు). తీరం నుంచి ఎన్ని కిలోమీటర్ల దాకా తెప్పలకు, ఆపైన ఎంత దూరం మరబోట్లకు అని నీటిని పంచిన 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం ఈ ఊరి శాసనసభలో పుట్టింది. సముద్రం మంచిచెడ్డలతో మెట్ట ప్రాంతం వాళ్లకు పనేముందని అడిగేవాళ్లకు ఈ చిరునామాలు చాలు.

సముద్రంతో ఇంత సంబంధం ఉన్నా, తిమింగలాల వేట ప్రస్తావన వస్తే తెలుగువాళ్లం సులువుగా చేతులు దులుపుకుంటాం. అది నార్వే, బ్రిటన్, జపాన్, రష్యా చేసిన పాపం, మనది కాదు అంటాం. మాట వరకు నిజమే. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న తీరంలో తిమింగలాన్ని వేటాడి బతికిన ఊరు లేదు. అప్పుడప్పుడు చచ్చిన తిమింగలం ఒడ్డుకు కొట్టుకొస్తే జనం గుమిగూడతారు. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి పాతిక అడుగుల నీలి తిమింగలం అలా వచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలాయి. కానీ చేతిలో బల్లెం లేకపోవడం ఒకటి, వ్యాపారంలో పాలు లేకపోవడం మరొకటి. పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్‌లోని డండీ పట్టణం జనపనార మిల్లులకు పేరుమోసింది. బెంగాల్ నుంచి వెళ్లిన ఎండు నారను మగ్గానికి పనికొచ్చేలా మెత్తబరచడానికి వాళ్లు వాడింది తిమింగల నూనె, నీళ్ల మిశ్రమం. ఆ నూనె కోసమే డండీ ఓడలు ఉత్తర ధ్రువం వైపు వేటకు వెళ్లేవి. ఆ నార వ్యాపారం పెరిగిన రోజుల్లోనే మన గోగునార భీమునిపట్నం రేవు పేరుతో విదేశీ బజారుకు చేరింది, ఇంగ్లిషు వర్తకులు దానికి ‘బిమ్లిపటం జూట్’ అని పేరు పెట్టుకున్నారు. బంగాళాఖాతపు రేవుల్లో నార బేళ్లు ఎత్తిన కూలీకి ఆర్కిటిక్ మంచులో చచ్చిన జంతువు సంగతి తెలియదు. ఆ బేలుకు పెట్టుబడి పెట్టినవాడికి మాత్రం రెండు ధరలూ తెలుసు.

తిమింగలాల వేట గురించి బాగా వ్యాపించిన ఒక కథ ఉంది. కిరసనాయిలు వచ్చి దీపాలకు తిమింగల నూనె అవసరం తీరిపోయింది, దాంతో ఆ జంతువులు బతికిపోయాయి అని. మార్కెట్టే సముద్రాన్ని కాపాడుతుందని నమ్మేవాళ్లకు ఇది ఇష్టమైన కథ. తేదీలు చూస్తే నిలబడదు. అమెరికాలో పెట్రోలియం బావి తవ్వింది 1859లో. తర్వాతి దశాబ్దంలోనే నార్వేవాడు స్వెన్ ఫొయిన్ ఆవిరి పడవ మీద ఫిరంగి బిగించి, జంతువు ఒంట్లోకి దిగాక పేలే బల్లేన్ని తయారుచేశాడు. అంతవరకు తెరచాప పడవలకు అందని వేగంతో ఈదే నీలి తిమింగలం, ఫిన్ తిమింగలం కూడా దాంతో చేతికి చిక్కాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నూనెను గట్టిపరిచే రసాయన పద్ధతి వచ్చింది. దీపానికి అక్కర్లేని నూనె సబ్బుగా, మార్గరిన్‌గా యూరప్ ఇళ్లలోకి వెళ్లింది. 1930-31 వేట కాలం ఒక్కదానిలోనే 29 వేలకు పైగా నీలి తిమింగలాలను చంపారు. పరిశోధకులు పాత లెక్కలన్నీ కూడితే ఇరవయ్యో శతాబ్దంలో చచ్చిన పెద్ద తిమింగలాలు దాదాపు 29 లక్షలు. కిరసనాయిలు వెలుగు ప్రపంచమంతా పరుచుకున్నాకే ఆ ఊచకోత అసలు పరిమాణానికి చేరింది. ఒక అవసరం తీరితే పెట్టుబడి ఓడలను ఒడ్డున కట్టేసి ఊరుకోదు, ఇంకో అవసరాన్ని కనిపెడుతుంది.

పాపం ఎవరిదని అడిగితే వేటగాళ్ల క్రూరత్వమని కొందరు, ఆ రోజుల్లో ఎన్ని ఉన్నాయో తెలియని అజ్ఞానమని కొందరు అంటారు. రెండూ సరిపోవు. తెలియకపోవడం ఎన్నడూ అసలు సమస్య కాలేదు. 1946 డిసెంబరు 2న వాషింగ్టన్‌లో సంతకాలైన అంతర్జాతీయ ఒప్పందం పీఠికలోనే భావితరాల కోసం తిమింగలాలను కాపాడాలని ఉంది. అదే పీఠికలో వేట పరిశ్రమ క్రమబద్ధంగా అభివృద్ధి చెందాలనీ ఉంది. రెండు ఆశయాల్లో ఏది గెలిచిందో లెక్క కట్టిన తీరులోనే తెలుస్తుంది. అంటార్కిటిక్‌లో వేట పరిమితిని జంతువుల సంఖ్యలో కాక ‘నీలి తిమింగల యూనిట్ల’లో పెట్టారు. ఒక యూనిట్ అంటే ఒక నీలి తిమింగలం, లేదా రెండు ఫిన్‌లు, లేదా రెండున్నర హంప్‌బ్యాక్‌లు, లేదా ఆరు సెయ్ తిమింగలాలు. కొలత నూనెది. ఏడాదికి ఇలాంటివి 16,000. ఏ జాతి ఎంత మిగిలిందన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు. పైగా ఆ మొత్తాన్ని చాలా ఏళ్లు దేశాలవారీగా పంచలేదు. ముందు పట్టినవాడిదే వాటా. దాంతో ప్రతి దేశం ఇంకా పెద్ద ఓడలు, ఇంకా వేగమైన పడవలు కట్టింది. వాటి అప్పు తీరాలంటే ఇంకా ఎక్కువ పట్టాలి. 1960ల మొదట్లో, ఆ ఒప్పందం కింద ఏర్పడిన అంతర్జాతీయ తిమింగల వేట కమిషనే నియమించుకున్న ముగ్గురు శాస్త్రవేత్తలు నీలి తిమింగలాన్ని, హంప్‌బ్యాక్‌ను ఇక ముట్టుకోవద్దని, మిగతావాటిని బాగా తగ్గించాలని లెక్కలు వేసి చెప్పారు. వేట దేశాలు తలూపాయి కానీ కోత కోసం ఏళ్లు తీసుకున్నాయి. యూనిట్ లెక్క 1972 దాకా బతికింది.

ఎందుకు ఆగలేకపోయారో 1973లో కొలిన్ క్లార్క్ అనే కెనడా గణితవేత్త ఒక చిన్న వ్యాసంలో చూపించాడు. నా దృష్టిలో వేట నీతి గురించి రాసిన పెద్ద గ్రంథాలకన్నా ఆ లెక్కే ఎక్కువ చెబుతుంది. నీలి తిమింగలం పది పన్నెండు నెలలు మోసి, రెండు మూడేళ్లకు ఒక్క పిల్లను కంటుంది. గుంపు ఏడాదికి నూటికి నాలుగైదు పెరుగుతుందని లెక్క వేద్దాం. అదే డబ్బు బ్యాంకులోనో వేరే వ్యాపారంలోనో ఏడాదికి నూటికి పది తెస్తుందనుకోండి. అప్పుడు పెట్టుబడిదారుకు లాభసాటి దారి, ఏటా మిగులును మాత్రమే కోసుకోవడం కాదు. ఉన్నవాటన్నిటినీ వీలైనంత త్వరగా చంపి, సొమ్ము చేసుకుని, ఇంకోచోట పెట్టడం. సముద్రం ఒకే యజమానికి చెందినా, పోటీయే లేకపోయినా ఈ లెక్క మారదు. ఐదేళ్లకు గానీ కాపుకు రాని మామిడి తోటను ఏడాది గడువు అప్పు మీద కొన్నవాడు చెట్లను కట్టెలకే అమ్ముకుంటాడు. వాడు దుర్మార్గుడు కానక్కర్లేదు. కాబట్టి ఓడ మీద బల్లెం పేల్చినవాడి మనసును పరీక్షించి లాభం లేదు. సముద్ర జీవి తన సహజ వేగంతో కాక అప్పిచ్చినవాడి వడ్డీ వేగంతో పిల్లలు పెట్టాలని కోరే ఏర్పాటుంది చూడండి, తప్పు అక్కడ మొదలవుతుంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం గట్టిది. సోవియట్ యూనియన్‌లో వడ్డీ వ్యాపారి లేడు కదా, మరి వాళ్లు చేసిందేమిటి? నిజానికి వాళ్లు చేసింది మరీ ఘోరం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మూడు దశాబ్దాల్లో సోవియట్ ఓడలు కమిషన్‌కు చెప్పకుండా లక్షా 80 వేల దాకా తిమింగలాలను చంపాయని 1993 తర్వాత వాళ్ల శాస్త్రవేత్తలే బయటపెట్టారు. చాలాసార్లు కొవ్వు మాత్రం ఒలిచి మిగతాది సముద్రంలోకి తోసేశారు. ఈ దాచిన లెక్కలో మనకు దగ్గరిది ఒకటుంది. 1960ల మధ్యలో సోవియట్ నౌకలు అరేబియా సముద్రంలో, ఒమన్, పాకిస్తాన్, వాయవ్య భారత తీరాలకు ఎదురుగా 242 హంప్‌బ్యాక్‌లను చంపాయి. అందులో దాదాపు అన్నీ 1966 నవంబరులోనే. మిగతా హంప్‌బ్యాక్‌ల్లా ఇవి ధ్రువాల వైపు వలస పోవు. ఏడాదంతా ఇక్కడే ఉంటాయి. ఈరోజు వాటి సంఖ్య వందకు లోపేనని అంచనా. వడ్డీ లేని దేశం ఇంత పని ఎలా చేసింది? అక్కడ ప్రణాళిక లక్ష్యం ఉంది. నిరుడు సాధించినదానికన్నా ఈ ఏడు ఎక్కువ సాధిస్తే బోనసు, తగ్గితే కెప్టెన్ ఉద్యోగానికి ముప్పు. లక్ష్యాన్ని టన్నుల్లో రాసి, ఏటా శాతాల్లో పెంచుకుంటూ పోతే అది వడ్డీ కాక ఏమవుతుంది? మాస్కోలో కూర్చున్న గుమస్తా, లండన్‌లో కూర్చున్న బ్యాంకరు ఒకే ప్రశ్న అడిగారు. సముద్రం జవాబు కూడా ఒకటే.

ఇక మన ఇంటి సంగతి. తెలుగు తీరం తిమింగలాన్ని చంపలేదు గానీ ఆ లెక్కను తెచ్చి విశాఖపట్నంలో అచ్చంగా అమలు చేసింది. 1970ల నుంచి విశాఖ రేవు పెద్ద రొయ్యల ట్రాలర్లకు స్థావరమైంది. మెక్సికో నమూనాలో కట్టిన 23 మీటర్ల పడవలు. రెండు వైపులా చాచిన దూలాలకు జంట వలలు, లోపల గడ్డకట్టించే గదులు. ఇవి తీరం పట్టుకుని ఉత్తరానికి వెళ్లి, హుగ్లీ నది సముద్రంలో కలిసేచోట శాండ్‌హెడ్స్ అనే రొయ్యల మేతలో వారాల తరబడి అడుగు వల లాగేవి. సరుకు ప్రధానంగా జపాన్‌కు. పడవ ఖరీదులో అధిక భాగం షిప్పింగ్ డెవలప్‌మెంట్ ఫండ్ కమిటీ, ఆ తర్వాత ఎస్‌సీఐసీఐ అనే రుణ సంస్థ ఇచ్చిన అప్పు. పై నుంచి రాయితీలు. 1990ల ఆరంభానికి ఇలాంటివి 150కి మించి పోగయ్యాయి. శాండ్‌హెడ్స్ మేత ఎన్ని పడవలను మోయగలదని లెక్కకట్టి అప్పులివ్వలేదు. విదేశీ మారకం ఎంత కావాలో చూసి ఇచ్చారు.

ఆ వలల్లో రొయ్య కొద్ది పాలే. మిగిలింది చేపపిల్లలు, పీతలు, సొర పిల్లలు, టేకు చేపలు, అప్పుడప్పుడు తాబేళ్లు. తీరానికి దగ్గర్లో తిరిగే చిన్న మరబోట్లు ఈ చిల్లర చేపను ఒడ్డుకు తెచ్చేవి. ఆడవాళ్లు ఎండబెట్టి సంతలో అమ్మేవారు, కొంత కోళ్ల దాణాకు పోయేది. పెద్ద ట్రాలర్‌కు అది దండుగ సరుకు. గడ్డకట్టించే గదిలో కిలో రొయ్య పట్టే చోటును కిలో కవ్వలకు ఇవ్వడం అప్పు లెక్కకు కుదరదు. కాబట్టి తవ్విపోసినట్టు మళ్లీ సముద్రంలోకి, అదీ చచ్చాక. కొవ్వు ఒలిచి కళేబరాన్ని వదిలేసిన ఓడ మీద జరిగినదీ, ఇక్కడ జరిగినదీ ఒకే ఖాతా పుస్తకంలోని రెండు పేజీలు. కొన్నేళ్లకు పట్టు తగ్గింది, డీజిలు పెరిగింది, వాయిదాలు నిలిచాయి. ట్రాలర్లు రేవులో తుప్పుపట్టాయి. కొన్నిటిని ట్యూనా వేటకు మార్చారు. బకాయిలు ప్రభుత్వ సంస్థల పద్దుల్లో మిగిలాయి. పేద దేశానికి డాలర్లు అవసరం కాదా అని అడిగేవారికి జవాబు ఇక్కడే ఉంది. ఆ డాలర్ల కోసం జనం సొమ్మే అప్పుగా పోసి, ఆ అప్పునే ముంచుకున్నాం. లాభం కొందరిది, ఖాళీ అయిన మేత అందరిదీ.

రొయ్యను తిమింగలంతో పోల్చడమేమిటి, తిమింగలం పాటలు పాడుతుంది, పిల్లను కాపాడుకుంటుంది, నొప్పి తెలిసిన జంతువు కదా అనే వాదం ఉంది. దాన్ని తోసిపుచ్చను. చంపే తీరు దగ్గర ఆ తేడా గట్టిగా పనిచేస్తుంది. ఐస్లండ్‌లో 2022లో చంపిన 148 ఫిన్ తిమింగలాల్లో నూటికి 59 మాత్రమే తక్షణం చనిపోయాయని ఆ దేశపు అధికార నివేదికే ఒప్పుకుంది. పేలే బల్లెం ఉన్న ఈ కాలంలో కూడా అంతే. పెద్ద పాలిచ్చే జంతువును కదులుతున్న సముద్రం మీద బాధ లేకుండా చంపే ఉపాయం మనిషికింకా చేతకాలేదు. ఒక్క ఈ కారణం చాలు, వ్యాపార వేట తప్పనడానికి. అయితే తెలివి, నొప్పి ఒక్కటే కొలత అయితే సముద్రంలో కొద్ది జాతులకు మాత్రమే నీతి వర్తిస్తుంది. మిగిలిన నీళ్లన్నీ గుత్తకు ఇచ్చేయవచ్చు. అందమైన జంతువును కాపాడి దాని మేతను ఖాళీ చేసే సంరక్షణ అలా పుట్టిందే. అంటార్కిటిక్‌లో తిమింగలాలు తినే, రొయ్యల్లాంటి క్రిల్ ప్రాణుల్ని ఇప్పుడు ఫ్యాక్టరీ ఓడలు చేపల మేతకు, మందుబిళ్లలకు తోడుతున్నాయి. తిమింగలాన్ని వదిలి దాని కంచంలో చెయ్యి పెట్టినట్టయింది.

విశాఖ కథలో నన్ను ఆకట్టుకునే భాగం పతనం కాదు, దాన్ని ముందే చెప్పినవాళ్లు. 1991లో కేంద్రం లోతు సముద్ర వేటకు విదేశీ కంపెనీలతో ఉమ్మడి వ్యాపారాలను అనుమతించింది. తెప్పలవాళ్లు, మరబోట్లవాళ్లు తమలో తమకున్న తగాదాలు పక్కనపెట్టి జాతీయ మత్స్యకారుల వేదిక వెనక నిలబడ్డారు. 1994లో దేశవ్యాప్త సమ్మెలు జరిగాయి. చివరికి పి. మురారి అధ్యక్షతన వేసిన సంఘం 1996లో 21 సిఫార్సులు చేసింది. ఉమ్మడి వ్యాపారాల లైసెన్సులు రద్దు చేయాలన్నది వాటిలో ప్రధానం. ఇది పొట్టకూటి పోరాటమే తప్ప సంరక్షణ కాదని కొందరు పర్యావరణవేత్తలు పెదవి విరిచారు. ఆ విభజనే పొరపాటు. తన కొడుకూ అదే నీటిలో బతకాలనుకునేవాడు వడ్డీ వేగంతో వేటాడలేడు. వేటాడినా ఫలితం అతని గుమ్మంలోనే పడుతుంది. మేత ఖాళీ అయ్యాక పెట్టుబడికి వెళ్లిపోయే చోటుంది. ఉప్పాడ జాలరికి లేదు.

జాలరిని అమాయక సాధువుగా చూపుతున్నానని అనుకోకండి. చిన్న మరబోట్లే నిషేధిత దూరంలోకి వచ్చి తెప్పల వలలు చింపిన తగాదాలు మన తీరంలో కొల్లలు. సన్న కన్ను వలలు వాడేదీ వాళ్లే. 1970ల్లో ఒరిస్సా తీరంలో వేల తాబేళ్లను పట్టి రైళ్లలో కలకత్తా బజారుకు తోలినప్పుడు పట్టినది పేద జాలర్లే. 1977లో ఆలివ్ రిడ్లీ తాబేలును వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చాక గానీ ఆ వ్యాపారం అణగలేదు. కట్టడి ఎవరికైనా అవసరమే. ప్రశ్న కట్టడి ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నది.

ఈ ప్రశ్నకు తప్పుడు జవాబు ఎలా ఉంటుందో అమెరికా చూపింది. తాబేలు తప్పించుకునే పరికరం బిగించని వలలతో పట్టిన రొయ్యను 1996 మే నుంచి దిగుమతి చేసుకోమంది. వల గొంతు దగ్గర కడ్డీల చట్రం, పైన ఒక కిటికీ. రొయ్య కడ్డీల సందుల్లోంచి లోపలికి జారుతుంది, తాబేలు కిటికీలోంచి బయటపడుతుంది. పరికరం మంచిదే. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998 అక్టోబరులో అప్పీలు పీఠం ఇచ్చిన తీర్పు చదవదగ్గది. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం న్యాయమైనదే, అమలు మాత్రం వివక్షతో సాగింది అంది. పడమటి అట్లాంటిక్, కరీబియన్ దేశాలకు సర్దుకోవడానికి మూడేళ్లిచ్చి, ఆసియా దేశాలకు నాలుగు నెలలిచ్చారు మరి. మనవాళ్లు వివక్ష అన్న మాటనే గట్టిగా పట్టుకుని, ఉద్దేశం న్యాయమైనదన్న మాటను జారవిడిచారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2019లో, అదే కారణంతో మన సముద్రపు రొయ్యకు అమెరికా మళ్లీ తలుపు మూసింది. ఎగుమతి లెక్కలు మాత్రం పెద్దగా చెదరలేదు. అప్పటికే పశ్చిమగోదావరి, కృష్ణా, నెల్లూరు చెరువుల్లో పెంచిన వనామీ రొయ్య ఆ చోటును నింపేసింది. దెబ్బ తగిలింది మరబోటు కలాసీకి, చెరువు కంపెనీకి కాదు.

సరైన జవాబుకు దగ్గరగా వచ్చినవీ ఉన్నాయి. గుజరాత్ వేరావల్ తీరంలో తిమింగల సొరను నూనె కోసం, మాంసం కోసం వందల సంఖ్యలో చంపేవారు. 2001లో దాన్ని మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. చట్టం ఒక్కటే అయితే జాలర్లు చీకట్లో కోసేవారు. వలలో పడిన సొరను వల కోసి వదిలేస్తే ఆ వల ఖరీదు ప్రభుత్వం ఇచ్చే ఏర్పాటు వచ్చాక కథ మారింది. వందల సొరలను జాలర్లే వదిలారు. 2021 డిసెంబరులో మన విశాఖ దగ్గరి తంతడి తీరంలో వలకు చిక్కిన రెండు టన్నుల తిమింగల సొరను అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి సముద్రంలోకి తోసినప్పుడు కూడా నష్టపరిహారం మాట నడిచింది. అలాస్కాలో ఇనూయిట్లకు జరిగింది మరో రకం పాఠం. బౌహెడ్ తిమింగలాలు తగ్గిపోయాయని 1977లో కమిషన్ వాళ్ల వేటను నిషేధించింది. మంచు కింద మీకు కనపడనివి ఈదుతున్నాయి, మీ లెక్క తప్పు అని వాళ్లన్నారు. నీటిలో మైకులు దించి విని లెక్కపెడితే వేటగాళ్ల మాటే నిజమైంది. తరతరాలుగా తమ తిండికి చంపుకునేవాళ్లు మిగతావారికన్నా ఎక్కువ ఎరుగుదురు. అందుకే కమిషన్ కూడా వారి వేటను వ్యాపార వేట నుంచి వేరుగా చూస్తుంది. నాకది సబబే.

మన వేట నిషేధ కాలం తప్పుడు జవాబుకు, సరైన జవాబుకు మధ్య ఎక్కడో ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, మోటారు పడవలు కదలకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని సముద్రానికి వదిలేయడమిది, వడ్డీ వేగాన్ని రెండు నెలలు ఆపడం. ఆ రెండు నెలల తిండికి ఆంధ్రప్రదేశ్ ఇచ్చే సాయం ఒకప్పుడు 4,000 రూపాయలు, 2019లో 10,000, 2025లో 20,000 అయింది. పార్టీలు దీన్ని తమ దయగా ప్రచారం చేసుకుంటాయి. అది దయ కాదు. సముద్రం కోలుకుంటే లాభపడేది చేపలు తినే హైదరాబాదీతో సహా అందరమూ. ఆ లాభానికి జాలరి ఒక్కడే రెండు నెలల కూలి ఎందుకు వదులుకోవాలి? ఆ డబ్బు మనం అతనికి బాకీ.

ఇక తిమింగల వేట మీద జపాన్ వాదన. ఇది మా సంస్కృతి, మీరు మేకల్ని తినడం లేదా అంటుంది. మేకను తినే దేశం ఈ మాటకు తడబడక తప్పదు, నిజమే. కానీ తీరపు ఊళ్ల పాత వేటకు, అంటార్కిటిక్ దాకా ఫ్యాక్టరీ ఓడను పంపడానికి సంబంధం అంతంతే. శాస్త్ర పరిశోధన పేరుతో నడిపిన ఆ వేటను 2014 మార్చి 31న అంతర్జాతీయ న్యాయస్థానం 12-4తో కొట్టేసింది. మెజారిటీ పక్షాన నిలిచినవారిలో మన దల్వీర్ భండారీ ఒకరు. 3,600 మింక్ తిమింగలాలను చంపి సమీక్షకు నిలిచిన పరిశోధనా పత్రాలు రెండే చూపగలిగారని కోర్టు గుర్తించింది. జపాన్ 2019లో కమిషన్ నుంచి తప్పుకుని తన జలాల్లోనే బాహాటంగా వేటాడుతోంది. ఒకరకంగా అదే నిజాయితీ.

1982లో కమిషన్‌లో 25-7తో నెగ్గిన వ్యాపార వేట నిషేధం తర్వాత హంప్‌బ్యాక్‌లు చాలాచోట్ల కోలుకున్నాయి కదా, ఇక పరిమితంగా వేటాడితే నష్టమేమిటని అడుగుతారు. నిషేధానికి ఓటేసిన దేశాల్లో భారత్ ఒకటి. మనం 1981లోనే కమిషన్‌లో చేరాం. 1979లో సీషెల్స్ చొరవతో హిందూ మహాసముద్రమంతా తిమింగలాలకు రక్షిత జలాలైంది. కోలుకున్న మాట నిజం, సంతోషం. కానీ కోలుకున్నది ఎందుకు? దశాబ్దాల పాటు ఎవరూ వాటి మీద వడ్డీ వసూలు చేయలేదు గనుక. మళ్లీ ఫ్యాక్టరీ ఓడకు అప్పిస్తే ఆ అప్పు పాత వేగంతోనే పెరుగుతుంది. జంతువు వేగం మారలేదు. అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌లు అరవై ఏళ్లయినా వంద దాటలేదని మర్చిపోకూడదు.

ఈ ప్రశ్నలు మనకిప్పుడు పాతవి కావు. 2025 నవంబరులో కేంద్రం దేశపు సముద్ర ప్రత్యేక ఆర్థిక మండలంలో (ఈఈజెడ్) వేటకు కొత్త నియమాలు తెచ్చింది. జత పడవల ట్రాలింగ్, ఎల్‌ఈడీ దీపాల వేట నిషిద్ధం. లోతు సముద్రంలో పెద్ద పడవలకు అనుమతిలో మత్స్యకారుల సహకార సంఘాలకు ముందు వరస. మురారి సంఘం రోజుల నుంచి జాలర్లు అడిగినదానికి ఇది చాలా దగ్గర. అదే నియమాల్లో తల్లి ఓడ, పిల్ల పడవల పద్ధతీ ఉంది. చిన్న పడవలు పట్టినది సముద్రం మీదే పెద్ద ఓడకు అప్పగిస్తాయి, అవి ఒడ్డుకు రానక్కర్లేదు. స్వెన్ ఫొయిన్ తర్వాతి తరం నార్వే కంపెనీలు అంటార్కిటిక్‌లో చేసింది సరిగ్గా ఈ పద్ధతే, యజమానులు మాత్రం వేరు. సంఘం పేరు మీద ఓడ వస్తుంది, సరే. ఆ ఓడకు బ్యాంకు పెట్టే వాయిదా గడువు ఎన్నేళ్లు, పట్టు తగ్గిన ఏడాది కిస్తీ వాయిదా వేస్తారా, ఎన్ని ఓడలకు అప్పివ్వాలో నిర్ణయించే ముందు ట్యూనా ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారా అన్నవి నియమాల్లో కాదు, అప్పు పత్రాల్లో తేలతాయి. జాతీయ బోర్డు, ఇన్‌కాయిస్ ఉన్న ఈ ఊళ్లో ఆ పత్రాలను అడిగి చదివేవాళ్లు ఉండాలి.